లోపలి గడియ

స్టేషన్ వెనక గది తలుపు ముందు తాళాలాయన నాలుగో రోజు కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో కొస వంకర తిప్పిన తీగ. తలుపు సందులోంచి దాన్ని దూర్చి, అవతల పక్కనున్న అడ్డగడియకి తగిలించి లాగాలి. గడియ పడితే ముగ్గురిని చంపింది అతనే అని తేలిపోతుంది. పడకపోతే, తెలిసి కూడా పడనివ్వడం లేదని తేలుతుంది. ఎటు తిప్పినా తేలేది ఒకటే కాబట్టి, పక్కన లాఠీ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్‌కే విసుగొచ్చి ఆవలిస్తున్నాడు.

"లోపలి గడియ బయట నుంచి వెయ్యడం మా తాత వల్ల కూడా కాదు సార్," అన్నాడు తాళాలాయన తలెత్తకుండా. "తాళమైతే తీస్తాను. ఇది తాళం కాదు కదా, ఉత్త ఇనప ముక్క. దీనికి కన్నమే లేదు, నేనేం చేసేది?"

ఈ మాట మొదటి రోజే అన్నాడు. తెలివి మీరి మాట్లాడుతున్నాడని అప్పుడే కుడిచేతి వేళ్ళ మీద దెబ్బ పడింది. చూపుడువేలూ మధ్యవేలూ విరిగి, వాచి, నల్లబడి, ఇప్పుడు తీగని బొటనవేలితో అరచేతికి అదిమి పట్టుకుంటున్నాడు. ఆ దెబ్బ కొట్టింది ఇన్‌స్పెక్టరు కాదు. కొడుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది మాత్రం ఆయనే. వద్దు అనడానికి ఒక్క మాట చాలు, ఆ మాట ఆయన నోట్లోంచి రాలేదు.

నెల రోజులుగా ఆయనకి కంటి మీద కునుకు లేదు. ఒంటరిగా ఉండే పెద్దవయసు ఆడవాళ్ళు ముగ్గురు, పక్కపక్క వీధుల్లో, పన్నెండు రోజులకొకరు చొప్పున చనిపోయారు. దిండుతో ఊపిరాడకుండా చేశారని డాక్టరు రాశాడు. పెనుగులాట లేదు. చంపినవాడు దిండు మళ్ళీ తల కింద సర్ది, దుప్పటి మెడ దాకా కప్పి, మంచం పక్కన చెప్పులు జతగా పెట్టి వెళ్ళాడు. మూడిళ్ళలోనూ తలుపుకి లోపల గడియ పెట్టే ఉంది. ఎలా వచ్చాడో, ఎలా పోయాడో అంతుబట్టక పేపర్లవాళ్ళు 'గాలిమనిషి' అని పేరు పెట్టారు. ఇన్‌స్పెక్టరు కూడా లోపల్లోపల వాడి తెలివికి దండం పెట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇంత తెలివైనవాణ్ణి చూడలేదు. రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలే ఉంది, ఇదెక్కడి ఖర్మరా బాబూ అనుకున్నాడు.

గడియల సంగతి తెలిసిన మనిషి ఎవరని పై అధికారి, పెద్దసారు, అడిగాడు. రెండిళ్ళలో తాళాలు బాగుచేసిన మనిషి దొరికాడు. రేపు సాయంత్రం విలేకరుల ముందు అతన్నే నిలబెట్టాలి. రేపటికి మూడో చావు జరిగి పన్నెండు రోజులు. రేపు ఎవరూ చావకపోతే గాలిమనిషి దొరికినట్టేనట.

బయటికి వస్తుంటే వరండాలో బల్ల మీద తాళాలాయన భార్య లేచి నిలబడింది. ఒళ్ళో క్యారియర్ పెట్టుకుని నాలుగు రోజులుగా అక్కడే కూర్చుంటోంది.

"అయ్యా, ఆయన తిన్నారా? కుడిచేత్తోనే తిన్నారా?"

వేళ్ళ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు ఆమెకి. ఇన్‌స్పెక్టరు "తిన్నాడమ్మా" అనేసి గబగబా మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం భోజనం అక్క దగ్గరే. బావగారు పోయాక ఆమె మూడో అంతస్తులో రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటోంది. ఈ హత్యలు జరుగుతున్న వీధుల్లోనే ఆ ఇల్లు కూడా. నా దగ్గరికి వచ్చెయ్యమంటే రాదు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది, ఎవరి మాటా వినే రకం కాదు.

"గడియ పెట్టుకుంటున్నావా?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ. రోజూ అడిగేదే.

"పెట్టుకుంటున్నానులేరా. తిను ముందు. మొహం చూడు, పీక్కుపోయింది." ఆమె మోకాలు పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూలబడింది. "అబ్బా! ఈ నొప్పులు పడలేను. ఆ దేవుడు తీసుకుపోతే బాగుండును."

"ఎందుకక్కా ఆ మాటలు?"

"మాటే కదరా, అంటే పోతానా ఏమిటి. రేపు పొద్దున పదింటికి సూది ఉంది, అది వేస్తే నాలుగు రోజులు బాగానే ఉంటుంది."

తిని చెయ్యి కడుక్కుని వెళ్ళబోతూ ఆయన తలుపు వెనక్కి చూశాడు. ఎందుకో గడియ మీద చెయ్యి వేసి జరిపాడు. కదల్లేదు. గట్టిగా నెట్టాడు. అయినా కదల్లేదు.

"అది రాదు," అంది అక్క తాపీగా. "రంగులేసినప్పుడు అంటుకుపోయింది. మూడేళ్ళయింది."

"మూడేళ్ళా! మరి రోజూ పెట్టుకుంటున్నానంటావు?"

"నువ్వు రోజూ అడుగుతావు, నేను రోజూ పెట్టానంటాను. నీకు తృప్తి, నాకు గోల తప్పుతుంది." నవ్వింది. "పోలీసువి, ఒక్కసారైనా చెయ్యి పెట్టి చూశావా?"

ఆయన నవ్వలేదు. ఆ గడియ మీద ఆకుపచ్చ రంగు మూడు పొరలుంది. మూడో పెద్దావిడ చనిపోయిన ఇంటి తలుపుదీ ఇదే ఆకుపచ్చ. ఆ వీధుల్లో మేడలన్నీ ఒకే మనిషి కట్టించి, ఒకే పనివాళ్ళ చేత రంగులు వేయించినవి.

"దాన్ని ఇవాళే గీకించు. గీకించి గడియ పెట్టుకో. నా మీద ఒట్టు," అన్నాడు.

"ఒట్లెందుకురా ఇంత చిన్నదానికి," అంటూనే ఉంది ఆమె. ఆయన అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

సీలు వేసిన ఆ మూడో ఇంటి తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. తలుపు తీసి, లోపలికి వెళ్ళి, దగ్గరికి వేసి, గడియ ముందు వంగి నిలబడ్డాడు. రంగు కింద గడియా, దాన్ని పట్టుకునే చట్రమూ ఒకే ముద్దగా ఉన్నాయి. బొటనవేలితో నెట్టాడు. గోరు విరిగింది కానీ గడియ కదల్లేదు. రంగు ఎక్కడా పగల్లేదు. దీన్ని ఏళ్ళ తరబడి ఎవరూ జరపలేదు. పెద్దావిడా జరపలేదు, గాలిమనిషీ జరపలేదు.

అక్కడి నుంచి రెండో ఇంటికి నడిచాడు. ఆ గడియ కదిలింది. కానీ అది వెళ్ళి దూరాల్సిన కొండీ చౌకట్టుకి లేదు. మరలు బిగించిన కన్నాలు రెండు, వాటి మీద సాలెగూడు. మొదటి ఇంటి దాకా పోకుండానే వెనక్కి తిరిగాడు.

స్టేషన్‌కి వచ్చి మూడు ఫైళ్ళూ తెప్పించి బల్ల మీద పరిచాడు. పంచనామాలు రైటరు రాసినవి. స్టేషన్‌లో రాతపని అంతా చూసే హెడ్డు అతను, చేతిరాత ముత్యాలు పేర్చినట్టుంటుందని జిల్లా అంతా పేరు. 'లోపల గడియ పెట్టి ఉన్న తలుపును ఇరుగుపొరుగువారు తోసి తెరిచి లోనికి ప్రవేశించి చూడగా...' మూడింట్లోనూ అదే వాక్యం. ఒక్క ముక్క అటూ ఇటూ లేదు. పంచనామాల కట్టలో కిందికి వెతికితే రెండేళ్ళ కిందటి ఉరి కేసు ఒకటి బయటపడింది. దాంట్లోనూ అదే.

రైటరుని పిలిచాడు. వాక్యం మీద వేలు పెట్టాడు. రైటరు చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అది ఫార్మాటు సార్."

"ఏం ఫార్మాటు?"

"పాతది ముందు పెట్టుకుని పేర్లూ తేదీలూ మారుస్తాం. ఎప్పటినుంచో అంతే కదా సార్. ఆ ఉరి కేసులో నిజంగానే గడియ ఉంది." రైటరు గొంతు సన్నగిల్లింది. "వీటిల్లో నేను వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి ఉంది, ఇల్లంతా జనం. ఎలా తీశారంటే తోశాం అన్నారు. సరే అని రాసేశాను."

"చూడలేదా?"

"మీరు చూసి ఉంటారనుకున్నాను సార్. సంతకం పెట్టారు కదా."

ఇన్‌స్పెక్టరు ఒక్కో ఫైలూ చివరి పేజీకి తిప్పాడు. మూడు సంతకాలూ ఆయనవే. మూడోది జీపు బానెట్ మీద పెట్టి చేసింది, కాస్త వంకరగా కూడా ఉంది. గాలిమనిషి గోడల్లోంచి వచ్చాడని, ఇంటికప్పు మీంచి దిగాడని, ఎవడూ చెయ్యలేని విద్య ఏదో వాడికి తెలుసునని నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడే, వాడు తలుపు తీసుకుని వచ్చి తలుపు వేసుకుని పోయాడు. అంతే. ఆ కాస్త దానికి లోపల ఒక మనిషి వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

పెద్దసారుకి ఫోన్‌లో అంతా చెప్పాడు.

"రేపు సాయంత్రం దాకా నీకు టైముంది," అన్నాడు పెద్దసారు. "ఇంకో మనిషిని తీసుకొచ్చి చూపించు. లేకపోతే నోరు మూసుకో. ఆ కాగితాల మీద సంతకం ఎవరిదో గుర్తుంది కదా? ఉద్యోగం ఊడేది నాది కాదు."

మర్నాడు పదికి కాస్త ముందు ఇన్‌స్పెక్టరు మూడో ఇంటి కింద ఉండే టైలరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె మిషను కిటికీ పక్కనే ఉంటుంది, కిటికీ మెట్ల ఎదురుగా ఉంటుంది. ఆరోజు పైకి వెళ్ళి పెద్దావిడని ముందుగా చూసింది ఆమే.

"ఆరోజు తలుపు ఎలా తీశావమ్మా? మళ్ళీ ఒకసారి చెప్పు."

"తోశాను సార్. తెరుచుకుంది."

"భుజం పెట్టి తోశావా?"

"భుజమెందుకు? ఇలా," అని వేళ్ళతో గాలిని తోసి చూపించింది. "దగ్గరికి వేసి ఉంది, అంతే."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అంతకుముందు ఈ మెట్లు ఎవరైనా దిగారా?"

టైలరమ్మ మిషను ఆపింది. "కాంపౌండరు దిగాడు సార్. సూదులు వెయ్యడానికి వస్తుంటాడు కదా, క్లినిక్కాయన. పెద్దావిడ నిద్రపోతోంది, లేపకండమ్మా అని చెప్పి మరీ వెళ్ళాడు. అందుకే నేను మధ్యాహ్నం దాకా పైకి వెళ్ళలేదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా ఈ మాట!"

"మీరు అడిగితే కదా!" ఆమెకి కోపం వచ్చింది. "వచ్చినవాళ్ళందరూ, కప్పు మీంచి ఎవరైనా దిగారా, కిటికీ ఊచలు ఎవరైనా కోశారా అనే అడిగారు. లోపల గడియ పెట్టి ఉందని మీరే పేపర్లో వేయించారు. నేను తోసిన తలుపేమో ఉత్తినే తెరుచుకుంది. పోలీసులకి తెలియనిది నాకు తెలుస్తుందా, అప్పటికి నా మతి సరిగా లేదేమో అనుకున్నాను. మెట్ల మీద ఎవరు దిగారని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగారా సార్?"

ఇన్‌స్పెక్టరు గోడ వైపు తల తిప్పాడు. రేపు పొద్దున పదింటికి సూది ఉంది అని అక్క నిన్న అన్న మాట చెవిలో మోగింది. గోడ మీద గడియారం పదీ ఐదు చూపిస్తోంది.

అక్కకి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. జీపుని వచ్చీ రాగానే తిప్పి పంపించేశాడు. కానిస్టేబుళ్ళని అక్క ఇంటికి పంపమని స్టేషన్‌కి ఫోన్‌లో చెప్పాడు. రెండు వీధులు. పరిగెత్తాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళు అరిగిన మనిషి, యూనిఫాంలో రొప్పుతూ పరిగెడుతుంటే కూరగాయల బండివాడు దారి ఇచ్చి నోరు తెరుచుకుని చూశాడు. అక్కని మొన్నే లాక్కుపోయి ఇంట్లో పెట్టుకోవాల్సింది. గీకించు అని చెప్పి వచ్చేశాడు, చేతకాని వెధవలా. మొదటి అంతస్తులో మళ్ళీ ఫోన్ చేశాడు, ఎత్తలేదు. రెండో అంతస్తులో రైలింగ్ పట్టుకున్నాడు. పైనుంచి టక్ టక్ మని చప్పుడు వినిపించింది.

అక్క గుమ్మం ముందు మెట్టు మీద కాంపౌండరు కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో తోలు సంచి. తలుపు మూసి ఉంది. చప్పుడు లోపలి నుంచి వస్తోంది.

"నమస్కారం సార్," అంటూ లేచాడు. "అమ్మగారి గడియ పట్టేసింది. పావుగంట నుంచి కొడుతున్నారు పాపం."

"ఎవరూ? తమ్ముడా?" లోపలి నుంచి అక్క అరిచింది. "ఒరేయ్, నీ మాట విని నిన్న సాయంత్రమంతా కత్తిపీటతో రంగు గీకాను. సుత్తెతో కొట్టి గడియ పెట్టాను. ఇప్పుడు చచ్చినా రావట్లేదు! ఫోన్ మోగుతుంటే సుత్తె వదిలి ఎక్కడ పోను? పాపం ఆయన అప్పట్నుంచి బయటే కూర్చున్నాడు, కాస్త నువ్వు అటునుంచి తొయ్యి."

"వద్దక్కా," అన్నాడు. "కొట్టకు. అలాగే ఉండనీ. నేను చెప్పేదాకా తియ్యకు."

మెట్టు మీద కూర్చున్నాడు. కాంపౌండరు చేతిలోని సంచి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుని తెరిచాడు. అక్క చీటీలో రాసిన మందు ఒకటి ఉంది. దాని పక్కన చీటీలో లేనిది ఇంకో చిన్న సీసా ఉంది, నిద్రమందు.

"టైలరమ్మ చెప్పింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కాంపౌండరు పారిపోలేదు. చేతులు కట్టుకుని ఆయన పక్కనే, ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"అందరూ అంటారు సార్, దేవుడు తీసుకుపోతే బాగుండునని. సూది వేసిన ప్రతిసారీ అంటారు. ఇంట్లోవాళ్ళు వినరు. నేను విన్నాను."

"మాట వరసకి అంటారురా! మా అక్క కూడా అంటుంది!" ఇన్‌స్పెక్టరు గొంతు మెట్లన్నిటా మోగింది.

"అన్నారు సార్, పోయిన వారం." కాంపౌండరు గొంతు తగ్గించాడు, లోపల వినిపించకూడదన్నట్టు. "మొదటిసారి పేపర్ చూసి నాకు ఒళ్ళు చల్లబడింది. నేను తలుపు దగ్గరికి వేసి వచ్చాను. లోపల గడియ ఎవరు పెట్టినట్టు? నా వెనక ఇంకెవరైనా వచ్చారా? మీరు నా కోసం వస్తారని పన్నెండు రోజులు చూశాను, ఎవరూ రాలేదు. రెండోసారి కూడా తలుపు దగ్గరికి వేసే వచ్చాను. మళ్ళీ గడియ అనే వేశారు. అప్పుడు అర్థమైంది సార్."

"ఏం అర్థమైంది?"

"గడియ మీరే పెడుతున్నారు."

ఇన్‌స్పెక్టరు మొదటి కాగితం చదివి సంతకం పెట్టి ఉంటే రెండో ఆవిడ బతికేది, మూడో ఆవిడ బతికేది. ఏడుపొచ్చింది. వీడి ముందు ఏడవకూడదని పళ్ళు బిగబట్టుకుని, కానిస్టేబుళ్ళు వచ్చేదాకా సంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

వాణ్ణి తీసుకెళ్ళాక వడ్రంగిని పిలిపించారు. ఉలి పెట్టాడు, గునపం పెట్టాడు, ముప్పావుగంట పట్టింది. తలుపు తెరుచుకునేసరికి చౌకట్టు నిలువునా చీలి, మరలు వేలాడుతూ, గుమ్మం నిండా చెక్కపేళ్ళు పడ్డాయి. లోపల గడియ పెట్టిన తలుపు తెరిస్తే ఇలా ఉంటుంది. ఆ మూడిళ్ళలోనూ ఆయన గుమ్మం దాటి లోపలికి వెళ్ళాడు. ఒక్క చెక్కపేడైనా కాలికి తగల్లేదు, తగల్లేదేమని అనుకోనూ లేదు.

"తలుపంతా నాశనం చేశారు కదరా," అంది అక్క సుత్తె పట్టుకుని నిలబడి. ఆయన వెళ్ళి ఆమె భుజం మీద తల పెట్టుకున్నాడు. ఆమెకి ఏమీ తెలియదు ఇంకా. "ఏమైందిరా? చెమటలు చూడు," అంటూ కొంగుతో మొహం తుడిచింది.

సాయంత్రం స్టేషన్‌లో తాళాలాయన్ని వెనక గదిలోంచి తీసుకొచ్చారు. భార్య క్యారియర్ చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. విడుదల కాగితం రైటరు అప్పటికే సిద్ధం చేశాడు. కుడిచేత్తో కలం పట్టుకోలేడు కాబట్టి వేలిముద్రకి సిరా డబ్బా కూడా తెరిచి పెట్టాడు.

"ఇక్కడ వెయ్యి. వేసేసి ఇంటికి వెళ్ళిపో," అన్నాడు.

తాళాలాయన బొటనవేలు చాపలేదు. భయం భయంగానే, కానీ చాపలేదు.

"ఏం రాశారో ముందు చదవండి సార్. విని వేస్తాను."

రైటరు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు కాగితం అందుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. పేరు, ఊరు, తేదీ. 'విచారణ నిమిత్తం పిలిపించగా వచ్చి, విచారణ అనంతరం, స్టేషన్‌లో ఎవరి వలనా ఎట్టి ఇబ్బందీ, దెబ్బలూ లేకుండా, ఆరోగ్యముగా...'

అక్కడ ఆగాడు. భార్య తాళాలాయన చేతి వైపు చూస్తోంది.

"ఫార్మాటు సార్ అది," అన్నాడు రైటరు మెల్లగా. "కొట్టెయ్యకండి సార్. నాలుగు నెలల్లో మీకు రిటైర్మెంటు. ఇది కోర్టుకి పోతే పింఛను కూడా రాదు."

ఇన్‌స్పెక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ వాక్యం మీద అడ్డంగా గీత పెట్టాడు. దాని కింద, ముత్యాల్లాంటి రాత పక్కన, తన కోడిగీతలతో రాశాడు. 'కుడిచేతి రెండు వేళ్ళు స్టేషన్‌లోనే విరిగాయి. నేను చూస్తూ నిలబడ్డాను.' తర్వాత కాగితం తీసుకుని మళ్ళీ మొదటి నుంచి, పేరూ ఊరూ దగ్గర నుంచి, అందరికీ వినిపించేలా చదివాడు.